కడలి కోర్టులో మనవాడు

పుట్టింది కృష్ణా జిల్లా వీరులపాడులో. తీర్పులు చెప్పింది జర్మనీలోని హాంబర్గ్‌లో. ప్రపంచ దేశాల సముద్రపు తగవులు తీర్చే న్యాయస్థానానికి అధ్యక్షుడైన తొలి ఆసియావాసి పాటిబండ్ల చంద్రశేఖరరావు. సముద్ర న్యాయశాస్త్రం అనే పేరే చాలామంది వినని రోజుల్లో ఆయన ఆ దారి పట్టారు. ఎనభై ఏళ్లు దాటాక కూడా అదే పనిలో ఉన్నారు. వెయ్యి కిలోమీటర్ల మేర తీరం ఉన్న మనకు ఆయన కథ తెలియాలి. ఆ చట్టం అవసరం మన రేవుల్లో ఇంకా తీరలేదు కనుక తప్పక తెలియాలి.

మూడు వారాల్లో తీర్పు

హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన, అంటార్కిటికా వైపు వెళ్లే దారిలో క్రోజే దీవులున్నాయి. జనం కాపురముండని ఆ దీవులు ఫ్రాన్స్ ఏలుబడిలోవి. 1999 సెప్టెంబరు 28న అక్కడి నీళ్లలో కమూకో అనే చేపల ఓడను ఫ్రెంచి యుద్ధనౌక పట్టుకుంది. ఓడ మీద ఎగురుతున్నది పనామా జెండా. కెప్టెన్‌ది స్పెయిన్. అనుమతి లేకుండా టూత్‌ఫిష్ పట్టారన్నది అభియోగం. చలి సముద్రాల లోతుల్లో పెరిగే ఈ చేప మార్కెట్లో చాలా ఖరీదు. అందుకే దానికి దొంగవేట కూడా ఎక్కువే. ఓడను రీయూనియన్ దీవికి తీసుకెళ్లి కట్టేశారు. కెప్టెన్ పాస్‌పోర్టు తీసేసుకున్నారు. విడిచిపెట్టాలంటే 2 కోట్ల ఫ్రాంకులు పూచీకత్తుగా పెట్టమన్నారు. నిపుణుడు కట్టిన ఓడ విలువ చూస్తే 37 లక్షల ఫ్రాంకులకు కాస్త ఎక్కువ.

నెలలు గడిచినా ఓడ కదల్లేదు. 2000 జనవరి 17న పనామా హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానం తలుపు తట్టింది. ఒకవైపు భద్రతామండలిలో వీటో ఉన్న ఫ్రాన్స్, మరోవైపు చిన్న దేశం పనామా. సరిగ్గా మూడు వారాలకు, ఫిబ్రవరి 7న, తీర్పు వచ్చింది. 80 లక్షల ఫ్రాంకుల పూచీకత్తు తీసుకుని ఓడనూ కెప్టెన్‌నూ వెంటనే వదలాలని 19 మంది జడ్జీలు ఒకవైపు, ఇద్దరు మరోవైపు నిలిచి తేల్చారు. ఆ ధర్మాసనానికి అధ్యక్షత వహించింది చంద్రశేఖరరావు.

దొంగవేట జరిగిందా లేదా అన్నది ఆ తీర్పు తేల్చలేదు. ఆ విచారణ ఫ్రెంచి కోర్టులదే. తన చేపల్ని కాపాడుకునే హక్కు తీరదేశానికి ఉందని సముద్ర న్యాయస్థానం ఒప్పుకుంది. ఆ హక్కు పేరుతో పరాయి ఓడనూ అందులోని మనుషుల్నీ నెలల తరబడి బిగించి ఉంచడం మాత్రం కుదరదంది. పూచీకత్తు ఎంత ఉండాలో లెక్కగట్టడానికి నేరం తీవ్రత, పడగల శిక్ష, ఓడ విలువ, అందులోని సరుకు విలువ అన్నీ చూడాలని చెప్పింది. ఇల్లు వదిలి సముద్రం మీదికి వెళ్లిన మనిషికి, పట్టుకున్న దేశపు దయ మీద కాకుండా రాసిపెట్టిన నియమం మీద భరోసా దొరకాలన్నది దీని సారాంశం. చంద్రశేఖరరావు వృత్తి జీవితమంతా ఈ భరోసా చుట్టూనే తిరిగింది.

మెట్ట ఊరి నుంచి న్యూయార్క్ దాకా

1936 ఏప్రిల్ 22న ఆయన పుట్టారు. నందిగామ పక్కనున్న వీరులపాడు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో మండల కేంద్రం. సముద్రం కనిపించే ఊరు కాదది. మద్రాసు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివారు. ఆ కాలంలో లా చదివిన తెలుగు కుర్రాడికి కళ్ల ముందున్న దారులు రెండే: జిల్లా కోర్టు, లేకపోతే హైకోర్టు. ఆయన ఢిల్లీ వెళ్లి అంతర్జాతీయ న్యాయశాస్త్రం వైపు తిరిగారు. విదేశాంగ శాఖ న్యాయ విభాగంలో చేరారు. 1970ల తొలి సగంలో ఐక్యరాజ్యసమితిలోని భారత శాశ్వత కార్యాలయానికి న్యాయ సలహాదారుగా న్యూయార్క్‌లో పనిచేశారు.

ఆయన అక్కడికి వెళ్లిన సమయం గొప్పది. ఐరోపా రాజ్యాలు మూడు వందల ఏళ్లుగా నడిపించుకున్న సముద్ర నియమాలు అప్పుడే కూలుతున్నాయి. ఒడ్డు నుంచి మూడు మైళ్లు రాజుది, ఆ పైన సముద్రం అందరిదీ అన్నది పాత లెక్క. అందరిదీ అన్న మాటకు ఆచరణలో అర్థం వేరు. పెద్ద ఓడలు, పెద్ద వలలు, పెద్ద ఫిరంగులు ఉన్నవాడిదే సముద్రం. వలస పాలన నుంచి బయటపడిన ఆసియా, ఆఫ్రికా దేశాలకు తమ తీరం ముందే పరాయి ట్రాలర్లు చేపలు ఊడ్చుకుపోతుంటే చూస్తూ ఊరుకోవాల్సిన పరిస్థితి. 1967లో మాల్టా ప్రతినిధి అర్విద్ పార్డో ఐక్యరాజ్యసమితిలో లేచి, లోతు సముద్రపు అడుగున ఉన్న సంపద మానవజాతి అంతటిదీ అని వాదించారు. ఆ ప్రసంగం కొత్త చట్టానికి బాట వేసింది.

1973 డిసెంబరులో మూడో సముద్ర న్యాయ సదస్సు న్యూయార్క్‌లో మొదలైంది. తొమ్మిదేళ్లు సాగింది. న్యాయ కోవిదుడు ఎస్.పి. జగోటా వంటివారితో కలిసి భారత బృందంలో చంద్రశేఖరరావు పనిచేశారు. ఇలాంటి సదస్సుల్లో పని ఎలా ఉంటుందో బయటివారికి తెలియదు. ఒక వాక్యంలో ‘తప్పక’ అని ఉండాలా, ‘వీలైనంత వరకు’ అని ఉండాలా అన్న దాని మీద రోజులు గడుస్తాయి. అందులో ఏది నిలిస్తే దాన్నిబట్టి రేపు ఒక దేశపు జాలరి హక్కు నిలుస్తుంది లేదా పోతుంది. ఓడలున్న దేశాలు ఒకటి కోరితే, తీరం మాత్రమే ఉన్న దేశాలు మరొకటి కోరేవి. సముద్రమే లేని దేశాలు తమకూ దారి కావాలనేవి. ఇన్ని దేశాలు ఒక్క పాఠానికి రావడమే అద్భుతం. 1982 ఏప్రిల్ 30న జరిగిన ఓటింగులో 130 దేశాలు ఒప్పందాన్ని బలపరిచాయి, 4 వ్యతిరేకించాయి, 17 తటస్థంగా ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరు 10న జమైకాలోని మాంటెగో బేలో సంతకాలయ్యాయి. 320 అధికరణాలున్న ఆ పత్రం సముద్రాలకు రాజ్యాంగం లాంటిది. 1994 నవంబరు 16న అది అమల్లోకి వచ్చింది. భారత్ 1995 జూన్‌లో ధ్రువీకరించింది.

సదస్సు నడుస్తుండగానే ఇంటి దగ్గర కూడా పని జరిగింది. 1976లో మన పార్లమెంటు సముద్ర మండలాల చట్టం చేసింది. ఇరవై లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా నీళ్ల మీద భారత్‌కు హక్కులు రాసిన చట్టమిది. ఈ మార్పులన్నిటినీ భారత ఆచరణ కోణంలో వివరిస్తూ 1983లో చంద్రశేఖరరావు సముద్ర మండలాల కొత్త చట్టం మీద పుస్తకం రాశారు.

నీళ్ల మీద గీతలు: ఎక్కడిదాకా ఎవరిది?

ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా ప్రాదేశిక జలాలు. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. ఇక్కడ తీరదేశం సార్వభౌమత్వం నడుస్తుంది. పరాయి ఓడలకు హాని చేయకుండా దాటిపోయే హక్కు మాత్రం ఉంటుంది.

24 మైళ్ల దాకా ఆనుకుని ఉన్న మండలం. కస్టమ్స్, వలస, ఆరోగ్య నిబంధనలు అమలు చేయడానికి.

200 మైళ్ల దాకా ప్రత్యేక ఆర్థిక మండలం. చేపలు, చమురు, గ్యాస్ వంటి సంపద తీరదేశానిది. ప్రయాణించే స్వేచ్ఛ అందరిదీ. ఇక్కడ చేపల వేట నిబంధన తప్పినవారికి, దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలు శిక్ష వేయకూడదని ఒప్పందంలోని 73వ అధికరణం చెబుతుంది. తగిన పూచీకత్తు మీద ఓడనూ సిబ్బందినీ వెంటనే వదలాలని కూడా అదే అధికరణం చెబుతుంది.

ఖండపు అంచు ఇంకా ముందుకు సాగిన చోట తీరదేశం హక్కులు సముద్రపు నేల మీద 200 మైళ్లు దాటి కూడా వెళ్తాయి. ఆ తర్వాతి సముద్రగర్భం ఏ దేశానిదీ కాదు. అది మానవజాతి ఉమ్మడి వారసత్వం. దాని నిర్వహణకు జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఒక అంతర్జాతీయ సంస్థ ఉంది. హిందూ మహాసముద్రపు అడుగున లోహపు ముద్దల అన్వేషణకు 1987లో తొలి మార్గదర్శక మదుపరిగా నమోదైన దేశం భారత్.

ఢిల్లీలో మరో చట్టం

న్యూయార్క్ నుంచి తిరిగివచ్చాక చంద్రశేఖరరావు కేంద్ర న్యాయశాఖలో మెట్టుమెట్టుగా ఎదిగి కార్యదర్శి అయ్యారు. ఆ బాధ్యతలో ఉండగా రూపుదిద్దుకున్న చట్టాల్లో 1996 నాటి మధ్యవర్తిత్వ, రాజీ చట్టం ముఖ్యమైంది. అప్పటిదాకా నడిచింది 1940 నాటి బ్రిటిషు చట్టం. దాని కింద ఒక మధ్యవర్తి తీర్పు ఇచ్చినా కోర్టుల్లో ఏళ్ల తరబడి నానేది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం తయారుచేసిన నమూనా మీద కొత్త చట్టం అల్లారు. ఓడల వ్యాపారానికీ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది. ఓడ అద్దెకు తీసుకున్న ఒప్పందంలో తగవు వస్తే, సరుకు ఆలస్యమైతే, చాలావరకు మొదట వెళ్లేది మధ్యవర్తి దగ్గరికే. ఢిల్లీలో 1995లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రత్యామ్నాయ వివాద పరిష్కార కేంద్రానికి సెక్రటరీ జనరల్‌గా కూడా ఆయన చాలాకాలం ఉన్నారు. ఆ కేంద్రానికి హైదరాబాద్‌లో శాఖ ఉండేది.

ఎక్కడ ఉన్నా ఆయన చేతి పని ఒకటే. తగవు పెరిగి పెద్దదై బలప్రయోగానికి దారితీయకముందే, ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకునే వేదికనూ దాని నియమాలనూ కాగితం మీద పెట్టడం.

హాంబర్గ్‌లో 21 కుర్చీలు

ఒప్పందం అమలు చూడటానికి ఒక న్యాయస్థానం కావాలి. అది హాంబర్గ్‌లో వెలిసింది. 1996 ఆగస్టులో సభ్యదేశాలు ఎన్నుకున్న తొలి 21 మంది జడ్జీల్లో చంద్రశేఖరరావు ఒకరు. అక్టోబరు 18న ప్రమాణం చేశారు. ఘనాకు చెందిన థామస్ మెన్సా తొలి అధ్యక్షుడు.

కొత్త కోర్టుకు తొలి కేసు ఏడాది తిరగ్గానే వచ్చింది. సైగా అనే చమురు ఓడ పశ్చిమ ఆఫ్రికా తీరంలో చేపల ఓడలకు డీజిల్ పోస్తుండగా 1997 అక్టోబరులో గినియా పట్టుకుంది. ఓడ జెండా కరేబియన్‌లోని చిన్న దీవుల దేశం సెయింట్ విన్సెంట్‌ది. డిసెంబరు 4న 12 మంది విడుదల చేయాలన్నారు, 9 మంది కాదన్నారు. కాదన్నవారిలో చంద్రశేఖరరావు ఉన్నారు. మరో నలుగురితో కలిసి అసమ్మతి తీర్పు రాశారు. గినియా ఓడను పట్టుకున్నది కస్టమ్స్ నేరం కింద, ‘వెంటనే విడుదల’ నిబంధన రాసింది చేపల వేట కేసుల కోసం, దాన్ని ఇక్కడిదాకా సాగదీయకూడదన్నది ఆ అసమ్మతి సారం.

ఆ అసమ్మతిలో ఆయన తత్వం కనిపిస్తుంది. ఓడ మీదా సిబ్బంది మీదా జాలి ఉన్నా, రాసిన మాటను దాటి వెళ్లరు. ఇవాళ మంచి ఫలితం కోసం మాటను సాగదీస్తే, రేపు చెడ్డ ఫలితం కోసం ఇంకొకరు సాగదీస్తారు. అలా జరిగిననాడు మొదట నష్టపోయేది చిన్న దేశాలే. వాటికి యుద్ధనౌకలు లేవు. ఉన్న ఆయుధమల్లా రాసిన మాటే.

1999 అక్టోబరులో సహచర జడ్జీలు ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. మూడేళ్లు ఆ పదవిలో ఉన్నారు. ఎల్బే నది ఒడ్డున నీన్‌స్టెడ్టెన్ ప్రాంతంలో న్యాయస్థానం సొంత భవనం 2000 జులై 3న ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ సమక్షంలో ప్రారంభమైంది ఆయన హయాంలోనే. విడుదల కేసుల్లో దరఖాస్తు అందిన 15 రోజుల్లోపు వాదనలు, అవి ముగిసిన 14 రోజుల్లోపు తీర్పు ఉండాలన్నది న్యాయస్థానం నియమం. తీరికగా నడిచే అంతర్జాతీయ కోర్టుల ప్రపంచంలో ఈ వేగం అరుదు.

కమూకో తర్వాత అదే ఏడాది నవంబరులో మాంటే కన్‌ఫుర్కో కేసు వచ్చింది. సీషెల్స్ జెండా ఓడను కెర్గెలెన్ దీవుల దగ్గర ఫ్రాన్స్ పట్టుకుంది. అడిగిన పూచీకత్తు 5.64 కోట్ల ఫ్రాంకులు. న్యాయస్థానం దాన్ని 1.8 కోట్లకు తగ్గించింది. 2001 ఏప్రిల్‌లో మాత్రం గ్రాండ్ ప్రిన్స్ అనే ఓడ విషయంలో న్యాయస్థానం చేయి అందించలేదు. ఆ ఓడ తమదేనని వచ్చిన బెలీజ్ దేశం, పిటిషన్ వేసిన నాటికి దానికి తమ జెండా ఉందని పత్రాలతో రుజువు చేయలేకపోయింది. 12 మంది ఒకవైపు, 9 మంది మరోవైపు. కేసు అక్కడితో ముగిసింది. ఆశ్రయం ఇచ్చే చట్టమే హద్దునూ చెప్పాలి. అవసరాన్నిబట్టి జెండాలు మార్చే ఓడలకు ఇది గట్టి హెచ్చరిక.

అణు కర్మాగారం, కత్తి చేప

ఆయన అధ్యక్షతలో వచ్చిన కేసుల్లో లోకం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ఐర్లాండ్, బ్రిటన్‌ల తగవు. ఐరిష్ సముద్రపు ఒడ్డున సెల్లాఫీల్డ్‌లో బ్రిటన్ కొత్త అణు ఇంధన కర్మాగారం మొదలుపెట్టబోతోంది. రేడియోధార్మిక వ్యర్థాలు తమ నీళ్లలోకి వస్తాయని ఐర్లాండ్ భయం. 2001 నవంబరులో వాదనలు జరిగాయి. డిసెంబరు 3న ఏకగ్రీవంగా ఉత్తర్వు వచ్చింది. కర్మాగారాన్ని ఆపమని ఐర్లాండ్ కోరింది కానీ, ఆపేంత అత్యవసరం కనిపించలేదని న్యాయస్థానం అంది. అలాగని ఐర్లాండ్‌ను ఉత్త చేతులతో పంపలేదు. రెండు దేశాలూ సమాచారం పంచుకోవాలి, ప్రమాదాలను కలిసి గమనించాలి, కాలుష్యం జరగకుండా కలిసి చర్యలు ఆలోచించాలి అని ఆదేశించింది. సముద్రం ఒకటే అయినప్పుడు ఇరుగుపొరుగు మాట్లాడుకోవడం మర్యాద కోసం కాదు, అది చట్టపరమైన బాధ్యత. సముద్ర పర్యావరణ చట్టంలో ఈ ఉత్తర్వును ఇప్పటికీ ఉదహరిస్తారు. చేపల వేటకు వెళ్లే మన ఉప్పాడ, నిజాంపట్నం మనుషులకు ఇందులో సంగతి సులువుగానే అర్థమవుతుంది. పక్కవాడు నీళ్లలో వదిలింది మన వలలోకే వస్తుంది.

ఆగ్నేయ పసిఫిక్‌లో కత్తి చేపల వేట మీద చిలీ, ఐరోపా సమాజం మధ్య వచ్చిన వివాదంలో 2000 డిసెంబరులో ఏర్పడిన ప్రత్యేక విభాగానికీ ఆయనే అధ్యక్షుడు. తీర్పు దాకా వెళ్లకుండా పక్షాలు చర్చలు జరుపుకునేందుకు గడువు మీద గడువు ఇచ్చి, చివరికి 2009లో కేసు ఉపసంహరించుకునే దాకా ఆ తలుపు తెరిచి ఉంచారు. తీర్పు రాయడం జడ్జికి కీర్తి తెస్తుంది. రాయకుండానే తగవు తీరితే దేశాలకు మేలు. ఆ ఓపిక అందరు జడ్జీలకూ ఉండదు.

అధ్యక్ష పదవి ముగిశాక జడ్జిగా కొనసాగారు. 2017 సెప్టెంబరు ఆఖరు వరకు, అంటే 21 ఏళ్లు, ఆ ధర్మాసనంలో ఉన్నారు. బంగ్లాదేశ్, మయన్మార్‌ల మధ్య బంగాళాఖాతాన్ని పంచుతూ 2012 మార్చి 14న వచ్చిన తీర్పులో ఆయన భాగస్వామి. ఆ న్యాయస్థానం గీసిన తొలి సముద్ర సరిహద్దు అది, మన సముద్రంలోనే గీసింది. అదే ఏడాది భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది. న్యాయస్థానం నియమాల మీద అప్పటి రిజిస్ట్రార్ ఫిలిప్ గోటియేతో కలిసి ఆయన తెచ్చిన వ్యాఖ్యాన గ్రంథం, 2018లో తెచ్చిన సమగ్ర గ్రంథం హాంబర్గ్‌కు వచ్చే ప్రతి లాయరూ తిరగేయాల్సినవి. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న భారతీయురాలు నీరూ చద్దా. ఆ న్యాయస్థానంలో తొలి భారతీయ మహిళా జడ్జి ఆమె.

ఆఖరి కేసు: కేరళ తీరంలో కాల్పులు

2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి 20 నాటికల్ మైళ్ల అవతల సెయింట్ ఆంటోనీ అనే చేపల బోటు మీద ఇటలీ చమురు ఓడ ఎన్‌రికా లెక్సీ నుంచి కాల్పులు జరిగాయి. ఇద్దరు జాలర్లు చనిపోయారు. కాల్చిన ఇద్దరు ఇటలీ నావికాదళ సైనికుల్ని ఎవరు విచారించాలన్నది పెద్ద తగవైంది. వ్యవహారం 2015లో అంతర్జాతీయ మధ్యవర్తుల ముందుకు వెళ్లింది. ఐదుగురు మధ్యవర్తుల్లో భారత్ నియమించింది చంద్రశేఖరరావునే.

ఆ కేసు తేలకముందే, 2018 అక్టోబరు 11న ఆయన కన్నుమూశారు. ఆయన స్థానంలోకి భారత్ పంపింది మరో తెలుగువాడిని. విదేశాంగ శాఖకు చాలాకాలం న్యాయ సలహాదారుగా పనిచేసిన పెమ్మరాజు శ్రీనివాసరావు ఆయన. బంగ్లాదేశ్‌తో మన సముద్ర సరిహద్దు తేల్చిన 2014 నాటి మధ్యవర్తిత్వంలోనూ భారత్ నియమించిన మధ్యవర్తి ఈయనే. ఒక తెలుగు న్యాయవేత్త వదిలిన కుర్చీని మరో తెలుగు న్యాయవేత్త అందుకున్న ఈ సంగతి మన దగ్గర ఎంతమందికి తెలుసు?

2020లో తీర్పు బయటికొచ్చింది. సైనికులకు ఇటలీ అధికారులుగా రక్షణ ఉందని ముగ్గురు అన్నారు. శ్రీనివాసరావుతో కలిపి ఇద్దరు కాదన్నారు. సైనికుల విచారణ ఇటలీకే వెళ్లింది. మనకు బాధ కలిగించిన భాగం ఇది. అదే తీర్పులో మరో భాగమూ ఉంది. కాల్పులతో సెయింట్ ఆంటోనీ ప్రయాణ స్వేచ్ఛను ఇటలీ భంగపరిచిందని, నష్టపరిహారం కట్టాలని మధ్యవర్తులు తేల్చారు. పది కోట్ల రూపాయలు వచ్చాయి. రెండు కుటుంబాలకు నాలుగేసి కోట్లు, బోటు యజమానికి రెండు కోట్లు పంచుతూ 2021 జూన్ 15న సుప్రీంకోర్టు కేసు ముగించింది. డబ్బు ప్రాణాలకు ఈడు కాదు. కానీ ఒక చిన్న చేపల బోటుకూ చమురు ఓడతో సమానంగా సముద్రం మీద హక్కుందని అంతర్జాతీయ తీర్పులో నమోదైంది.

విశాఖలో ఆగిన ఓడ

సముద్ర న్యాయవాదం అనగానే హాంబర్గే అక్కర్లేదు. దేశాల మధ్య తగవులు ఒక పాయ అయితే, ఓడలు, సరుకు, జీతాలు, ప్రమాదాల మీద కోర్టుల్లో నడిచే తగవులు రెండో పాయ. ఈ రెండో దాంట్లో దేశానికే దారి చూపిన కేసు మన తీరంలో పుట్టింది.

1984లో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ గోవాలోని మర్మగోవా నుంచి సరుకు తీసుకెళ్లి, పత్రాలు చూడకుండా గల్ఫ్‌లోని రస్ అల్ ఖైమాలో అప్పగించేసిందని సరుకు యజమాని ఆరోపణ. ఆ తర్వాత ఓడ విశాఖపట్నం రేవుకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశంతో అక్కడ దాన్ని ఆపేశారు. విదేశీ ఓడను ఇలా పట్టుకునే అధికారం మద్రాసు, బొంబాయి, కలకత్తా కోర్టులకు తప్ప మీకెక్కడిదని ఓడ తరఫువారు వాదించారు. 1992లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. బ్రిటిషువారి పాత శాసనాల్లో పేరు లేనంత మాత్రాన స్వతంత్ర దేశపు హైకోర్టు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదంది. ఓడ మీద జీతం బాకీపడ్డ కలాసీ అయినా, సరుకు పోగొట్టుకున్న వ్యాపారి అయినా, ఓడ రేవు దాటిపోకముందే పట్టుకునే వీలు దీంతో గట్టిపడింది. ఆ బాటలోనే 2017లో పార్లమెంటు నౌకా వివాదాల చట్టం చేసి, తీర రాష్ట్రాల హైకోర్టులకు ఈ అధికారాన్ని రాసిచ్చింది.

మోటుపల్లి మాట, మన బాకీ

ఇలాంటి చట్టం మన నేలకు కొత్తేమీ కాదు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కోవడం అంతకుముందు రాజుల అలవాటు. ఇకమీదట సుంకం తప్ప ఏదీ తీసుకోమని, దూరదేశాల వర్తకులు భయం లేకుండా రావచ్చని ఆ శాసనం హామీ ఇచ్చింది. రాజు రాతి మీద చెక్కించిన ఆ మాటలోని న్యాయమే హాంబర్గ్ తీర్పుల్లోనూ ఉంది. ఆపదలో ఒడ్డు చేరిన పరాయివాడి మీద పడి దోచుకోకూడదు. లెక్క ప్రకారం రావాల్సింది తీసుకుని వదిలేయాలి.

ఈ న్యాయం ఇవాళ మన మత్స్యకారులకు అందుతోందా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పని కోసం గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి, అక్కడి బోట్లెక్కిన మనవాళ్లను 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుంది. వారిలో ఇరవై మంది వాఘా దాటి ఇంటికొచ్చింది 2020 జనవరిలో. ‘తండేల్’ సినిమాకు ఆ ఘటనే స్ఫూర్తి. తెర మీద చూసి కన్నీళ్లు పెట్టుకున్న మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏడాదికి పైగా ఎందుకు పట్టింది? సర్ క్రీక్ దగ్గర రెండు దేశాల సముద్ర సరిహద్దు ఇప్పటికీ తేలలేదు. గీత ఎక్కడుందో ప్రభుత్వాలకే ఒప్పుదల లేని నీళ్లలో, వల వేసిన కూలీ మాత్రం నేరస్థుడవుతాడు. చేపల వేట తప్పుకు జైలు వద్దన్న 73వ అధికరణం ప్రత్యేక ఆర్థిక మండలానికే వర్తిస్తుంది. పట్టుకున్నది తమ ప్రాదేశిక జలాల్లో అని అవతలి దేశం అంటే ఆ అధికరణం అక్కరకు రాదు. పైగా జాలరి తనంతట తాను హాంబర్గ్ వెళ్లలేడు. విడుదల కోసం అడగాల్సింది అతని బోటు జెండా దేశం, లేదా ఆ దేశం అనుమతితో వేరొకరు. దేశం అడగకపోతే, అధికరణం ఎంత చక్కగా రాసి ఉన్నా కాగితం మీదే ఉంటుంది.

అందుకే మన తీరానికి చంద్రశేఖరరావులు కావాలి. విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం లా కాలేజీ ఉంది. పెద్ద రేవు ఉంది, తూర్పు నావికాదళ కేంద్రం ఉంది. సముద్ర న్యాయశాస్త్రం బోధించడానికి ఇంతకన్నా తగిన ఊరు దొరకదు. అక్కడ చదివిన పిల్లలు ముంబయి, లండన్ ఓడ కంపెనీల కొలువుల వైపే కాకుండా భావనపాడు, పూడిమడక రేవుల వైపు కూడా చూడాలి. బోటు కాగితాలు ఎలా ఉండాలో, గీత ఎక్కడుందో, పట్టుబడితే ఎవరికి ఫోన్ చేయాలో, ఎంత సమయంలో తమ దేశానికి కబురు అందాలో తండేళ్లకు, అంటే బోటు నడిపే పెద్దలకు, తెలుగులో చెప్పే మనుషులు ఒడ్డున ఉండాలి. పట్టుబడ్డ మర్నాడే ఢిల్లీకి వెళ్లాల్సిన అర్జీ రాయగల లాయరు ఒక్కొక్క జిల్లా న్యాయసేవా సంస్థలోనూ ఉండాలి.

సముద్రం ఆనవాలు లేని ఊళ్లో పుట్టిన ఒక తెలుగువాడు ప్రపంచ సముద్రాలన్నిటికీ పనికొచ్చే నియమాలు రాయడంలో చేయి వేశాడు, వాటి ప్రకారం తీర్పులు చెప్పాడు. ఆ నియమాలు క్రోజే దీవుల దగ్గర పట్టుబడిన స్పెయిన్ కెప్టెన్‌కు మూడు వారాల్లో అందాయి. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మత్స్యకారుడికి కూడా అంతే త్వరగా అందేలా చూడాల్సిన బాధ్యత మన ప్రభుత్వాలది, మన లా కాలేజీలది, మన న్యాయవాదులది.